ఇంఫాల్ హరికేన్‌కు ఆ లేత నీలం ఎలా కలపాలి?

నమస్కారం. 1944లో ఇంఫాల్ పోరులో భారత వైమానిక దళం ఒకటో స్క్వాడ్రన్ నడిపిన హరికేన్ యుద్ధవిమానం నమూనాను 1:72 కొలతలో తయారు చేస్తున్నాను. అర్జన్ సింగ్ నాయకత్వం వహించిన స్క్వాడ్రన్ అది. ఈ కొసనుంచి ఆ కొసకు రెక్కలు 17 సెంటీమీటర్లు కూడా ఉండవు. అయినా రంగు తప్పితే నాకు మనసొప్పదు.

పైన ముదురు ఆకుపచ్చ, మట్టిరంగు, కింద బూడిదరంగు. అంతవరకూ బాగానే కుదిరింది. చిక్కంతా రెక్కల మీది గుర్తుల దగ్గరే వచ్చింది. నమూనా కిట్ పెట్టెలో ఉన్నవి ఐరోపాలో ఎగిరిన విమానాల గుర్తులు, నడుమ ఎర్రటి చుక్కతో. జపాన్ విమానాల మీది ఎర్ర సూర్యుడితో పొరబడతారని బర్మా రంగంలో ఆ ఎరుపును తీసేశారు. ముదురు నీలం వలయం, మధ్యలో లేత నీలం మాత్రమే ఉంచారు. అందుకే వృత్తాలు కత్తిరించి, నేనే రంగు వేద్దామనుకున్నాను.

తెలుపులో నీలం చుక్కచుక్కగా కలిపాను. తడిగా ఉన్నప్పుడు సరిగ్గా అనిపించిన రంగు ఆరాక ముదురుతోంది. మూడుసార్లు ఇదే జరిగింది. నలుపు తెలుపు ఫోటోలు చూస్తే ఛాయ తెలియదు. అక్రిలిక్ రంగులతో దీన్ని కుదిర్చినవారు ఏ పాళ్లలో కలిపారో చెప్పగలరా?

ఇంకొకటి. వెనుకభాగంలో అంటించిన సంఖ్య కింద గాలి చిక్కి, అక్షరాల చుట్టూ వెండిపొరలా మెరుస్తోంది. ముందుగా మెరుపు వార్నిష్ వేయకుండా గరుకు రంగు మీదే అంటించాను. సన్నటి సూదితో గుచ్చి, మెత్తబరిచే ద్రావణం రాస్తే అణుగుతుందా? లేక పూర్తిగా తీసేయాల్సిందేనా?