హెచ్410 బోర్డు మీద ఐ5-10400ని ఓవర్‌క్లాక్ చేయాలా, వద్దా?

హన్మకొండ బీటెక్:
అన్నలూ, నా దగ్గర ఐ5-10400 ప్రాసెసర్, హెచ్410 అనే చవక బోర్డు, 8 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, ప్రాసెసర్‌తో పాటు డబ్బాలో వచ్చిన కూలర్ ఉన్నాయి. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో రెండర్ (సీన్‌ను బొమ్మగా తయారుచేసే పని) పెడితే మొదట 4.0 గిగాహెర్ట్జ్ మీద బాగానే నడుస్తుంది, అర నిమిషం కాగానే 3.7కి పడిపోయి ఇక అక్కడే ఉంటుంది. ఓవర్‌క్లాక్, అంటే కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువగా నడపడం, చేద్దామంటే బయోస్‌లో (బోర్డు సెట్టింగుల్లో) మల్టిప్లయర్ పెంచే ఆప్షనే లేదు, బేస్ క్లాక్ మాత్రం మార్చొచ్చు; ఈ రెండూ గుణిస్తేనే కదా ప్రాసెసర్ వేగం. హాస్టల్‌లో సగం మంది "పెంచు, ఏం గాదు" అంటున్నారు, సగం మంది "బోర్డు పోతది" అంటున్నారు. టెన్షన్‌గా ఉంది, మీరేమంటారు?

జగిత్యాల గేమర్:
పెంచు తమ్మీ. చవక బోర్డు అనగానే చేతులు కట్టుకొని కూర్చోవాలని ఎక్కడా లేదు. 2014లో ఇంటెల్ పెంటియం జీ3258 అని లాక్ లేని ప్రాసెసర్ తెచ్చింది, 3.2 గిగాహెర్ట్జ్‌ది. హెచ్81 బోర్డుల మీద కూడా బయోస్ అప్‌డేట్‌తో జనం దాన్ని 4 దాటించారు. 2015 చివర్లో కొన్ని జెడ్170 బోర్డుల మీద పేరు చివర 'కె' అక్షరం లేని, అంటే మల్టిప్లయర్‌కు తాళం ఉన్న, ఆరో తరం ప్రాసెసర్లు కూడా బేస్ క్లాక్‌తో పైకి పోయాయి, 2016లో ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌తో ఆ దారి మూసేయించింది. చిప్‌లో దమ్ముంది, తాళం వేసింది కంపెనీ. మనం డబ్బులు పెట్టి కొన్న వస్తువులో ఎంత సత్తా ఉందో చూసుకోవడం మన హక్కు. పాత బోర్డుల్లో బేస్ క్లాక్ కదిపితే హార్డ్ డిస్క్, గ్రాఫిక్స్ కార్డు కూడా కదిలేవి కాబట్టి భయపడ్డారు, ఆరో తరం నుంచి వాటిని నడిపే పీసీఐ క్లాక్ వేరైంది, ఆ భయం తగ్గింది.

గోదావరిఖని సర్వీస్:
జగిత్యాల భయ్ చెప్పిన చరిత్ర నిజమే, కానీ అది ఈ తమ్ముడి బోర్డుకు వర్తించదు. కె లేని 10400లో బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్ నుంచి 103 దగ్గరికి పోయి ఆగిపోతుంది. 40 మల్టిప్లయర్‌తో లెక్కేస్తే 4.12 గిగాహెర్ట్జ్, అంటే 3 శాతం. గంట పట్టే రెండర్‌లో రెండు నిమిషాలు కూడా మిగలవు. పైగా అదే క్లాక్ మీద ర్యామ్ కూడా నడుస్తుంది కాబట్టి 2666 కాస్తా 2746 అవుతుంది, స్టిక్ తట్టుకోకపోతే రాత్రంతా పెట్టిన రెండర్ తెల్లారేసరికి క్రాష్ అయి ఉంటుంది.

అసలు సమస్య వేరే ఉంది, నీ మాటల్లోనే ఉంది. అర నిమిషానికి స్పీడ్ పడిపోతోందన్నావు చూడు, అది పవర్ లిమిట్. ఈ ప్రాసెసర్‌కు ఇంటెల్ ఇచ్చిన లెక్క కొద్దిసేపు 134 వాట్లు, సుమారు 28 సెకన్ల తర్వాత 65 వాట్లు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే కొలతల సాఫ్ట్‌వేర్ తెరిచి రెండర్ పెట్టు, ప్యాకేజ్ పవర్ (ప్రాసెసర్ మొత్తం లాగే వాట్లు) 65 దగ్గర అతుక్కుపోయి, పవర్ లిమిట్ గడిలో 'ఎస్' (అవును) అని పడితే అనుమానం అక్కర్లేదు. బయోస్‌లో లాంగ్ డ్యూరేషన్ పవర్ లిమిట్ ఉందేమో వెతుకు. దాన్ని పెంచితే 3.7 మళ్లీ 4.0 అవుతుంది, అది 8 శాతం. ఒక్క మెగాహెర్ట్జ్ ఓవర్‌క్లాక్ చేయకుండానే వస్తుంది.

ఇక ఆ ఒక్క ర్యామ్ స్టిక్ చూస్తే నాకు కోపమొస్తోంది, ఇలా కట్టిచ్చేవాళ్ల మీద. 2666 ర్యామ్ ఒక్కటుంటే సెకనుకు 21.3 జీబీ, రెండుంటే 42.6. రెండర్‌కు అంత తేడా రాదు కానీ గేముల్లో కచ్చితంగా తెలుస్తుంది. సీన్ పెద్దదై 8 జీబీ నిండిపోతే పని డిస్క్ మీదికి పోతుంది, అప్పుడు ఏ క్లాకూ కాపాడదు.

మా వైపు పీసీలు విప్పితే కూలర్ రెక్కల మధ్య బొగ్గు దుమ్ము మెత్తగా అట్టకట్టి ఉంటుంది, కింద వేడిని కూలర్‌కు చేర్చే పేస్టు ఎండి సున్నంలా రాలుతుంది. ప్రాసెసర్ పక్కన వోల్టేజ్ సర్దే మాస్‌ఫెట్ల మీద హీట్‌సింక్ లేని బోర్డులైతే ఆ చోట బోర్డు పలక గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. ముందు అది శుభ్రం చేసి కొత్త పేస్టు పెట్టు.

జగిత్యాల గేమర్:
అన్నా, ఒక్క మాట. బేస్ క్లాక్ 3 శాతం పెంచితే బోర్డుకు ప్రమాదం అన్నట్టు చెప్పి, 65 వాట్ల లిమిట్ ఎత్తేయమంటున్నావు. హీట్‌సింక్ లేని మాస్‌ఫెట్లకు ఏది ఎక్కువ బరువు? గంటల తరబడి ఎక్కువ వాట్లు లాగడమే కదా!

గోదావరిఖని సర్వీస్:
ఆ మాట కరెక్ట్. అందుకే ఎత్తేయమనలేదు, పెంచమన్నాను. 65 నుంచి 75కి, అక్కడ చాలకపోతే 85కి, 4.0 నిలబడ్డ దగ్గర ఆపేయాలి. కొందరు లిమిట్ లేనట్టే 4095 వాట్లు కొట్టి వదిలేస్తారు, అది మాత్రం వద్దు. 30 డిగ్రీల గదిలో ప్రాసెసర్ 78 చూపిస్తే, మే నెలలో 42 డిగ్రీల హాస్టల్ గదిలో అదే పని 90 చూపిస్తుంది, కూలర్ గది గాలికంటే చల్లగా చేయలేదు కదా. 100 తాకితే ప్రాసెసర్ తనంతట తానే తగ్గుతుంది, మాస్‌ఫెట్లకు చాలా చవక బోర్డుల్లో సెన్సరే ఉండదు. కేసులో వెనక ఒక ఫ్యాన్ గాలి లాగుతుండాలి. నేను బేస్ క్లాక్ వద్దన్నది బోర్డు కాలుతుందని కాదు, లాభం 3 శాతమైతే క్రాష్ ఎక్కడ నుంచి వస్తుందో వెతుక్కునే తలనొప్పి అంతకంటే పెద్దదని.

హన్మకొండ బీటెక్:
ఇప్పుడే చూశాను అన్నా, 65 దగ్గరే ఆగింది, 'ఎస్' అని ఉంది. బయోస్‌లో ఆ లిమిట్ కూడా ఉంది. మరి జగిత్యాల అన్న చెప్పింది ఎప్పటికీ ట్రై చేయొద్దా?

జగిత్యాల గేమర్:
నేర్చుకోవడానికి చేయాల్సిందే అంటాను నేను, అందులో వెనక్కి తగ్గను. సబ్మిషన్లు అయ్యాక, ప్రాజెక్టు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో పెట్టుకొని 101, 102 అలా ఒక్కో మెట్టు ఎక్కు. ప్రతి మెట్టు దగ్గర ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ఒక రౌండ్ నడిపించు. స్క్రీన్ రాకపోతే పవర్ తీసి బోర్డు మీద సీమాస్ జంపర్ షార్ట్ చేయి, బయోస్ మొదటికి వస్తుంది. అన్న చెప్పిన పేస్టు, ఫ్యాన్ మాత్రం దానికంటే ముందు.