2004 ఏథెన్స్‌లో మనూ జినోబిలి ఆడిన మొదటి మ్యాచ్ పూర్తి వీడియో కావాలి

అర్జెంటీనా బాస్కెట్‌బాల్ ఆటగాడు మనూ జినోబిలి కెరీర్‌లోని పెద్ద మ్యాచ్‌లన్నీ వరసగా చూస్తున్నాను. 2001లో ఇటలీ క్లబ్ బొలోన్యా తరఫున గెలిచిన యూరోలీగ్ (యూరప్ క్లబ్‌ల టోర్నీ) నుంచి మొదలుపెట్టాను. ఇప్పుడు ఒక్క దగ్గర ఆగిపోయాను: 2004 ఆగస్టు 15, ఏథెన్స్ ఒలింపిక్స్, సెర్బియా-మాంటెనెగ్రోపై అర్జెంటీనా 83-82తో గెలిచిన మ్యాచ్.

దొరికేవన్నీ చివరి షాట్ క్లిప్పులే. సహచరుడు మోంటెక్కియా పాస్ ఇవ్వడం, మనూ పడిపోతూ బంతిని బోర్డుకి కొట్టి బుట్టలో వేయడం, అంతే. అవి అర నిమిషం నుంచి ఎనిమిది నిమిషాల లోపే ఉన్నాయి. ఇంగ్లీషులో, స్పానిష్‌లో, సెర్బియన్ లిపిలో కూడా వెతికాను. 'పూర్తి మ్యాచ్' అని పెట్టిన ఒక వీడియో తెరిస్తే అది ఇటలీతో ఆడిన ఫైనల్. ఇంకోటి రెండో సగం మాత్రమే, అదీ శబ్దం లేకుండా. అమెరికాపై 89-81తో గెలిచిన సెమీఫైనల్ మాత్రం సులువుగానే దొరికింది.

నాకు ఆ ఒక్క షాట్ చాలదు. 2002 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో యుగోస్లావియా పేరుతో తమను ఓవర్‌టైమ్‌లో ఓడించిన దేశం మీదే వీళ్లు ఆ రోజు ఎలా నిలబడ్డారో మొదటి నిమిషం నుంచి చూడాలి. కామెంటరీ ఏ భాషలో ఉన్నా ఫర్వాలేదు, డబ్బు కట్టాల్సి వచ్చినా సరే.

ఈ మ్యాచ్ 40 నిమిషాల ఆట మొత్తం, శబ్దంతో సహా, ఎక్కడ చూడొచ్చో ఎవరికైనా తెలుసా?