నెమలి బెగోనియాను నీడలో పెట్టడం దాన్ని పస్తు పెట్టడమేనా?

బాల్కనీ తోట, మారతహళ్లి
పాప ముచ్చటపడిందని నెమలి బెగోనియా కొన్నాను. తెచ్చినప్పుడు ఆకులు నిగనిగలాడే నీలం. వెలుతురు చాలదేమోనని తూర్పు బాల్కనీలోకి మార్చాను. నెల తిరిగేసరికి నీలం పోయి మామూలు పచ్చాకులయ్యాయి, అంచులు ఎండాయి. అమ్మినతను నీడలోనే ఉంచమంటున్నాడు. రంగు కోసం మొక్కను పస్తు పెట్టమంటారా?

మిద్దె సాగు, హోరమావు
పెట్టొద్దండీ. ఏ మొక్కకైనా వెలుతురే అన్నం. మా మైనపు బెగోనియా పొద్దుటి ఎండలోనే విరగబూస్తుంది. దీన్నీ మెల్లగా అలవాటు చేయండి.

గాజుతొట్టి, జయనగర
అన్నా, ఆ రెండింటికీ పోలిక లేదు. బెగోనియాల్లో రెండు వేలకు పైగా జాతులున్నాయి. ఇది మలేసియా కొండ అడవుల్లో పెద్ద చెట్ల కింద, నేలకు దగ్గరగా పెరిగేది. పై ఆకులు నీలం, ఎరుపు వెలుగును చాలావరకు తాగేశాక మిగిలిందే దీని వాటా. అందుకే దీని ఆకులో ఇరిడోప్లాస్టులనే ప్రత్యేకమైన హరితరేణువులున్నాయి. వాటి లోపలి పొరలు సమానమైన ఎడంతో దొంతరలుగా ఉంటాయి. ఆ దొంతర నీలాన్ని తిప్పికొట్టి, ఆకుపచ్చ కాంతిని ఎక్కువగా పట్టుకుంటుంది. 2016లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకుల బృందం ప్రకటించిన లెక్క ప్రకారం, మసక వెలుతురులో ఇవి కిరణజన్య సంయోగక్రియ సామర్థ్యాన్ని 5 నుంచి 10 శాతం పెంచుతాయి. పస్తుంటే వచ్చే రంగు కాదండీ అది, తిండి సంపాదించుకునే తీరు.

ఆకులో నీలం రంగు పదార్థమేమీ లేదు. నా మొక్క ఆకును కాస్త వంచితే మెరుపు పక్కకు జరుగుతుంది. కిటికీకి అడ్డంగా పట్టుకుని చూస్తే ఉత్త పచ్చన. మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు అలా వంచుతూనే కూర్చున్నాను!

నీడంటే బీరువా వెనక మూల అనుకోకండి. లైటు వేయకుండా పేపరు చదవగలిగేంత వెలుతురు ఉండాలి. అంచులు ఎండింది మాత్రం ఎండ ఒక్కదానివల్లే కాకపోవచ్చు. మార్చిలో బెంగళూరు గాలి బాగా పొడిబారుతుంది. గాజు తొట్టిలో తడి నాచు పరిచి పెట్టండి.

మిద్దె సాగు, హోరమావు
నీలం సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. కానీ గాజు పెట్టెలో తప్ప బతకని మొక్కను ఈ ఊళ్లో పెంచడమెందుకు? మన పడమటి కనుమల్లోనే మలబారు బెగోనియా ఉందిగా.

గాజుతొట్టి, జయనగర
అదీ పెంచాలి. కానీ ఇంటికొచ్చిన మొక్క సంగతి ముందు చూడాలి కదా.

బాల్కనీ తోట, మారతహళ్లి
హాల్లో ఉత్తరం కిటికీ దగ్గర గాజు తొట్టిలో పెట్టాను. పాత ఆకులు అలాగే ఉన్నాయి. నిన్న మధ్యలోంచి ముడుచుకున్న కొత్త ఆకు ఒకటి లేచింది. పాప గంటకోసారి టార్చ్ వేసి చూస్తోంది.