ఐదు కోట్లు దాటినోళ్లకు పన్ను పెంచాలా? మీ మాటేంది?

రామప్ప_చెరువు:
నిన్న హన్మకొండ చౌరస్తాలో చాయ్ తాగుతుంటే మొదలైన ముచ్చట ఇది. ఇంటికొచ్చినా తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. 2023 బడ్జెట్‌కు ముందు ఏడాదికి ఐదు కోట్లకు పైగా ఆదాయం ఉన్నవాళ్లకు 30 శాతం పన్ను, ఆ పన్ను మీద 37 శాతం సర్‌చార్జి, ఆ పైన 4 శాతం సెస్సు ఉండేవి. అన్నీ కలిపితే 42.74 శాతం. మినహాయింపులు తక్కువుండే కొత్త పన్ను విధానంలో సర్‌చార్జిని 25కి దించారు, మొత్తం 39 అయింది. దించడం సరైనదేనా, మళ్లీ పెంచాలా? అడిగేది ఇంతే. పార్టీల గొడవ తేవద్దు, దండం పెడతా.

కాజీపేట_ప్యాసింజర్:
ఐదు కోట్లు దాటినోళ్లు ఎవరైనా ఉంటే ముందు చేతులెత్తండి. మిగతావాళ్లం తర్వాత కొట్లాడుకుందాం.

బొగ్గుబాయి:
పెంచాలి. ఇందులో చర్చేముంది? నేను భూపాలపల్లిలో సింగరేణి బొగ్గుబాయిలో ఇరవై రెండేళ్లుగా అండర్‌గ్రౌండ్‌లో పనిచేస్తున్నా. ఫస్ట్ షిఫ్టుకు క్యాప్‌ల్యాంపు తీసుకుని దిగితే మళ్లీ వెలుగు చూసేది మధ్యాహ్నమే. పోయినేడు ఓవర్‌టైమూ, సెలవు రోజుల్లో చేసిన ప్లేడే మస్టర్లూ కలిపి పద్నాలుగు లక్షలయింది. పన్ను 81,900. నేను వద్దన్నా ఆగదు, జీతం చేతికి రాకముందే కోసేస్తారు.

అంతకుముందు 2023లో 11వ వేజ్‌బోర్డు (బొగ్గు కార్మికుల జీతాల ఒప్పందం) ఎరియర్స్, అంటే పాత బకాయిలు, ఇరవై మూడు నెలలవి ఒక్కసారే పడ్డాయి. నాకు 3,60,000. ఇంటామెకు గాజులు చేయిద్దామనుకున్నా. లక్షా పన్నెండు వేలు పన్నుకే పోయింది. బాయిలో దుమ్ము మింగేవాడి దగ్గర 30 శాతం గుంజి, కోట్లలో మునిగేవాడికి 37ను 25 చేస్తారా? ఇదేం న్యాయం?

పద్దుపుస్తకం:
అన్నా, ఎరియర్స్ వచ్చిన ఏడాది ఫారం 10ఈ వేశారా?

ఇక అసలు విషయం. రేటు పెంచితే డబ్బు వస్తుందనుకోవడం ఈ దేశం ఒకసారి చేసి చూసిన పనే. 1973-74లో పైస్థాయి పన్ను 85 శాతం, దాని మీద 15 శాతం సర్‌చార్జి. మొత్తం 97.75. వంద సంపాదిస్తే చేతికి రెండు రూపాయల పావలా. అప్పుడు ధనవంతులు బుద్ధిగా కట్టారనుకుంటున్నారా? నల్లధనం మీద విచారణకు వేసిన వాంఛూ కమిటీయే ఈ రేట్లే ఎగవేతకు దారి తీస్తున్నాయని, 75కు దించమని చెప్పింది. ఆర్థిక మంత్రులుగా 1985లో వీపీ సింగ్ 50 చేశారు, 1997లో చిదంబరం 30 చేశారు. ముప్పై ఏళ్లుగా హన్మకొండలో జనాల పన్ను లెక్కలు చూసే పనే చేస్తున్నా. మనిషి 30 శాతమంటే మూలుగుతూ కడతాడు, 45 అంటే దారులు వెతుకుతాడు.

అమీర్‌పేట్_టు_అమెరికా:
పద్దు సార్ మాట కరెక్ట్. నెలకు అరవై వేలు టీడీఎస్ అని జీతంలోంచే పన్ను పోతోంది నాకు. ఊరికొస్తే మా సందులో అదే గుంత, అదే నీళ్లు.

బొగ్గుబాయి:
ఆ దారులు వెతికిచ్చేది ఎవరు పద్దు సార్? మీరే కదా. దొంగకు తాళంచెవి చేసిచ్చి, తలుపు గట్టిగా పెడితే దొంగకు కోపమొస్తుందని చెప్తున్నారు.

10ఈ ఏందో నాకు తెలియదు. నెట్ సెంటర్ పిల్లగాడు రెండు వందలు తీసుకుని రిటర్న్ వేశాడు.

పద్దుపుస్తకం:
తాళంచెవి మాట వెనక్కి తీసుకోండి. నా దగ్గరికొచ్చే వందమందిలో ఎనభైమంది మీలాంటి ఉద్యోగులే. జీతం, కోసిన పన్ను వివరాలుండే ఫారం 16 తెచ్చి, పాత విధానమా కొత్త విధానమా అని అడిగిపోతారు, మూడు వందలిస్తారు.

10ఈ గురించి చెప్తా వినండి. పాత సంవత్సరాల జీతం ఒకేసారి వస్తే, దాన్ని ఏ ఏడాదిది ఆ ఏడాదికి పంచి లెక్క కట్టుకునే వీలు చట్టంలో ఉంది, సెక్షన్ 89. 2021-22లో మీ ఆదాయం పది లక్షల లోపు ఉంటే అప్పటి స్లాబు 20 శాతమే. ఎరియర్స్ వచ్చిన ఏడాది పది దాటి 30లో పడ్డారు. ఆ పది శాతం తేడా మీకు తిరిగి రావాలి. ముందు 10ఈ వేసి, ఆ తర్వాత రిటర్న్ వేయాలి. మీ కోపంలో సగం ఆ నెట్ సెంటర్ మీద ఉండాల్సింది.

బొగ్గుబాయి:
నేనేం అడిగాను, మీరేం చెప్తున్నారు! కోటీశ్వరుల రేటు గురించి మాట్లాడుతుంటే నా ఫారం గురించి క్లాసు పీకుతున్నారు.

హన్మకొండ_కోడలు:
నేను బ్యాంకులో చేస్తా. రేటు 39 పెట్టండి, 50 పెట్టండి, లెక్కలో చూపిన దానికే కదా ఆ రేటు? మా అత్తమ్మకు మోకాలి ఆపరేషన్ చేయించాం. ఆస్పత్రి పేరు చెప్పను. బిల్లు కొంత కార్డు మీద తీసుకున్నారు. మిగతా నలభై వేలు "మేడమ్, ఇది క్యాష్ ఇవ్వండి" అన్నారు. రసీదు అడిగితే మందుల చీటీ వెనకాల "40" అని రాసి చుట్టూ సున్నా చుట్టి ఇచ్చాడు కౌంటర్ పిల్లాడు. ఆ చీటీ ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద ఉంది. ఆ నలభై వేల మీద ఏ సర్‌చార్జి పడింది పద్దు సార్?

పద్దుపుస్తకం:
అమ్మా, నేను చెప్పేదీ అదే. రేటు కాదు, పట్టుకోవాల్సింది లెక్కకు రాని ఆదాయాన్ని.

హన్మకొండ_కోడలు:
ఆ మాట అంటూనే ఉన్నారు కానీ పట్టుకోమని ఎవరూ గట్టిగా అడగరు. "రేటు పెంచకండి" అని మాత్రం గట్టిగా అడుగుతారు.

కాజీపేట_ప్యాసింజర్:
ఫ్రిజ్ మీద చీటీ ఫొటో పెట్టక్కా.

రామప్ప_చెరువు:
ఒక లెక్క ఎవరూ చూడట్లేదు. 39 శాతం అనేది ఐదు కోట్ల జీతం వచ్చేవాడికి. అదే ఐదు కోట్లు ఏడాదికి పైగా ఉంచిన షేర్లు అమ్మితే వచ్చిన లాభమైతే? 12.5 శాతం పన్ను. దాని మీద సర్‌చార్జి ఎంత పెద్ద మొత్తమైనా 15 దాటదు. సెస్సు కలిపితే 14.95 శాతం. నిజంగా పెద్ద ధనవంతుడికి జీతమెక్కడిది? ఆయన ఆస్తి అంతా కంపెనీ వాటాల్లోనే ఉంటుంది. కాబట్టి పద్దు సార్ చెప్పిన 97.75 కథ నిజమే అయినా ఇప్పటి గొడవకు సరిపోదు. అప్పుడు రేటు ఎక్కువై పారిపోయారు, ఇప్పుడు పారిపోవాల్సిన పనే లేదు, తలుపు చట్టంలోనే తీసి ఉంది.

సంపద పన్ను కూడా 2015లో తీసేశారు. అది 2013-14లో వసూలు చేసింది వెయ్యి కోట్ల చిల్లర. దాని బదులు కోటి దాటినవాళ్ల మీద 2 శాతం అదనపు సర్‌చార్జి వేస్తే తొమ్మిది వేల కోట్లు వస్తాయని అప్పటి ఆర్థిక మంత్రి జైట్లీ బడ్జెట్‌లోనే చెప్పారు. అంటే రేటు పెంచితే డబ్బు వస్తుందని ప్రభుత్వమే లెక్క వేసుకుంది కదా.

పద్దుపుస్తకం:
షేర్ల మాట ఒప్పుకుంటా. కానీ కంపెనీ లాభం మీద కంపెనీ ముందే పన్ను కట్టింది, అదీ చూడాలి.

రామప్ప_చెరువు:
ఆ కంపెనీ పన్ను కూడా 2019లో 30 నుంచి 22కు దించారు.

తామరపురుగు:
చాలాసేపటి నుంచి చదువుతున్నా. నాది పరకాల దగ్గర. నాలుగెకరాలు కౌలుకు పట్టి మిర్చి వేశా. ఎకరానికి ముప్పై వేలు ఉగాదికి ముందే పట్టాదారుకు ఇచ్చా. ఆయన హైదరాబాద్‌లో ఉద్యోగం. సర్కారిచ్చే పెట్టుబడి సాయం రైతు భరోసా ఎకరానికి ఆరు వేలు, సీజనుకోసారి, ఆయన ఖాతాలోనే పడుతుంది. తామర పురుగుకు మందు కొట్టేది నేను. 1,180 రూపాయల డబ్బాలో 180 జీఎస్టీ. ఒక్క సీజనులో ఎన్ని డబ్బాలు ఖాళీ అయ్యాయో మా చేను గట్టు మీద చూడండి, పిల్లలు వరసగా పేర్చి ఆడుకుంటున్నారు. ఎనుమాముల మార్కెట్లో తేమ ఉందని, తాలు ఉందని కోసిన తర్వాత మిగిలేదెంతో మళ్లీ చెప్పను.

ఐటీ కట్టనోడు పన్నే కట్టడన్నట్టు మాట్లాడుతున్నారు ఇక్కడ. నేనూ కడుతున్నా, ఎవడూ నాకు ఫారం 16 ఇవ్వడు, అంతే. ఇంకో మాట, కోపం తెచ్చుకోవద్దు. మీరంతా పైకి చూపిస్తున్నారు ధనవంతుడు అక్కడున్నాడని. నా చేను నుంచి చూస్తే పద్నాలుగు లక్షలొచ్చే బొగ్గుబాయి అన్నే ధనవంతుడు.

బొగ్గుబాయి:
నేను ధనవంతుణ్ణా? నేనా? తమ్మీ, ఒకసారి బాయి దిగి చూడు. మా బ్యాచ్‌లో ఇద్దరు అన్‌ఫిట్ అయి ఇంటికొచ్చారు. నా ఊపిరితిత్తుల ఎక్స్‌రే చూస్తే నువ్వా మాట అనవు.

ధనవంతుడెవడో నేను చెప్తా. మా బామ్మర్ది. నర్సంపేట వైపు వాళ్ల నాన్నిచ్చిన ఎకరం పది గుంటలు అమ్మాడు. కోటీ ఎనభై లక్షలు. ఇన్‌కమ్ టాక్స్ సున్నా. మున్సిపల్ హద్దుకు ఆరు కిలోమీటర్లు దాటిన సాగుభూమి కాబట్టి అది అసలు లెక్కలోకే రాదట. వాడు ఏనాడూ నాగలి పట్టలేదు. మొన్న దసరాకు పోతే, సింగరేణి లాభాల వాటా పడింది కదా అని, కొత్త కారుకు ఆనుకుని నిలబడి "నీకేంది బావా, సర్కారు సొమ్ము" అన్నాడు. అందరూ నవ్వారు. మా ఇంటామె కూడా నవ్వింది.

పద్దుపుస్తకం:
అయితే అన్నా, మొదటి పోస్టులో ఐదు కోట్లవాళ్లకు పెంచాలన్నారు. మీ బామ్మర్దికి రేటు ఎంత పెంచినా ఏమవుతుంది? సున్నాను దేనితో గుణించినా సున్నే.

బొగ్గుబాయి:
ఐదు కోట్లవాడు నాకు కనిపించడు సార్. బామ్మర్ది ప్రతి పండక్కీ కనిపిస్తాడు.

హన్మకొండ_కోడలు:
ఇప్పుడు దారికొచ్చింది. ఇక్కడెవరికీ అంబానీ మీద కోపం లేదు. నాకు డాక్టర్ మీద, అన్నకు బామ్మర్ది మీద, తమ్ముడికి అన్న మీద. వృత్తి పన్ను చూడండి, ఇరవై వేలు దాటిన జీతమైతే నెలకు రెండు వందలు. ఇరవై వేల చిల్లరొచ్చే మా బ్రాంచ్ కాంట్రాక్ట్ పిల్లకూ అంతే, మా మేనేజర్‌కూ అంతే. దాని గురించి పదేళ్లలో ఒక్కరూ నోరు తెరవగా నేను వినలేదు.

అమీర్‌పేట్_టు_అమెరికా:
అయితే వ్యవసాయ ఆదాయం మీదా వేయండి, సమస్య తీరిపోతుంది.

పద్దుపుస్తకం:
కేంద్రం వేయలేదు. రాజ్యాంగంలో అది రాష్ట్రాల జాబితాలో ఉంది. ఓటు పోగొట్టుకునే ధైర్యం ఏ రాష్ట్రానికుంది?

తామరపురుగు:
వేస్తే ఎవరి మీద పడుతుందో కూడా చెప్పండి. పట్టాదారు మీద వేస్తారు. ఆయన మరుసటి ఉగాదికి కౌలు ముప్పై ఐదు వేలంటాడు. కట్టేది నేనే. బామ్మర్ది భూమి అమ్మిన కోటీ ఎనభై లక్షలు వేరు, నా మిర్చి కల్లం వేరు. రెంటికీ వ్యవసాయమని ఒకే పేరు పెట్టి మాట్లాడుతున్నారు మీరు.

రామప్ప_చెరువు:
తమ్ముడన్నది నిజం. పండించినదాని మీద కాదు, భూమి అమ్మినదాని మీద, ఒక పరిమితి దాటాక వేస్తే? ఎకరం రెండెకరాల రైతు కష్టానికి అమ్ముకుంటే వదిలేయొచ్చు.

బొగ్గుబాయి:
ఆ ఆరు కిలోమీటర్లు తీసేస్తే చాలు నాకు. ఐదు కోట్లోళ్ల సంగతి మీరు చూసుకోండి.

రామప్ప_చెరువు:
అదే నాకు నచ్చని మాట అన్నా. ఐదు కోట్లోడిని వదిలి బామ్మర్దిని పట్టుకుంటే నువ్వు కట్టే 81,900 తగ్గదు, నీ కోపం ఒక్కటే తగ్గుతుంది.

కాజీపేట_ప్యాసింజర్:
కోపం తగ్గితే బీపీ తగ్గుతుంది, మందుల ఖర్చు తగ్గుతుంది.

పద్దుపుస్తకం:
రామప్ప సార్, మీ 14.95 లెక్కను రాత్రి మళ్లీ వేసి చూశా. సరిగ్గానే ఉంది. నా దగ్గరికొచ్చేవాళ్లలో షేర్ల లాభం అంత ఉన్నవాళ్లు లేరు, అందుకే ఆ వైపు ఎప్పుడూ ఆలోచించలేదు. అయినా జీతం మీద రేటు పెంచడానికి ఇప్పటికీ ఒప్పుకోను.

బొగ్గుబాయి:
పద్దు సార్. ఆ 10ఈ ఇప్పుడు వేయొచ్చా?

పద్దుపుస్తకం:
మామూలుగా గడువు అయిపోయింది. గడువు దాటాక వేసే అప్‌డేటెడ్ రిటర్న్‌తో పన్ను తగ్గించుకోవడానికి వీల్లేదు. కానీ ఆలస్యాన్ని మన్నించమని శాఖకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అసెస్‌మెంట్ సంవత్సరం (ఆదాయం వచ్చిన ఆర్థిక సంవత్సరానికి తర్వాతిది) ముగిశాక ఐదేళ్లు, అంటే మీకు 2030 మార్చి 31 దాకా సమయముంది. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం అధికారి చేతిలో ఉంటుంది. ఒప్పుకుంటే ముప్పై వేల దాకా రావొచ్చు, కాగితాలు చూస్తే గానీ గట్టిగా చెప్పలేను. 2021 నుంచి మూడేళ్ల ఫారం 16లు, ఎరియర్స్ స్లిప్పు తీసుకుని రండి.

బొగ్గుబాయి:
ఆదివారం ప్లేడే మస్టర్ ఉంది, సోమవారం వస్తా. ఫీజు ఫోన్‌పే చేస్తా. రసీదు ఇవ్వాలి.

హన్మకొండ_కోడలు:
చీటీ వెనకాల రాసి సున్నా చుట్టకండి సార్.