వీరాభిమాని: ఈ మాటలో అభిమానం ఎవరి మీద?

ప్రశ్న: హీరో పుట్టినరోజు ఫ్లెక్సీకి మ్యాటర్ రాస్తున్నం, హనుమకొండ చౌరస్తాలో కట్టేది. ‘అభిమాన సంఘం’ అనాల్నా, ‘అభిమానుల సంఘం’ అనాల్నా? ‘అభిమానం చంపుకొని అప్పు అడిగిండు’ అంటరు గదా, ఆ అభిమానం, ఇది ఒకటేనా?

జవాబు: ఒకటే అన్నా. సంస్కృతంలో అభిమానం అంటే ‘నేను, నాది’ అనుకోవడం. సాంఖ్య దర్శనపు గ్రంథం సాంఖ్యకారిక 24వ శ్లోకంలో ‘అభిమానోఽహంకారః’ అనే ఉంది, అంటే అభిమానమే అహంకారం, ‘నేను’ అనే భావం. తెలుగులో దానికి పరువు అనీ, ప్రేమ అనీ అర్థాలున్నయి. కానీ ‘నాది’ అన్న మూలం పోలేదు. హీరోను ఎవరన్నా ఒక మాటంటే అభిమానికి తనను అన్నట్టే తాకుతది, అందుకే.

సంఘం విషయంలో రెండూ ఒప్పే. పేర్లు, ఫోటోలు వేస్తున్నరు కాబట్టి నేనైతే ‘అభిమానుల’ అంటా. ‘వీరాభిమాని’ని మాత్రం ‘వీర అభిమాని’ అని విడగొట్టకండి, సవర్ణదీర్ఘ సంధి. ఇక్కడ వీర అంటే శూరుడని కాదు, వెనకడుగు లేని పట్టు. వీరశైవంలో వీర లాంటిదే. వీరశైవ కవి పాల్కురికి సోమనాథుని పాలకుర్తి మన పక్కనే, ఈ మాట మనకు కొత్తదేం కాదు.

ఇంకో జవాబు: అసలు సంగతి ప్రత్యయంలో ఉంది. నేను అభిమానిని, నువ్వు అభిమానివి, మేము అభిమానులం. క్రియ లేకుండానే మనిషి ఆ పేరులో కలిసిపోతడు. ‘మేము ఫ్యాన్స్’లో ఆ కలయిక లేదు, మాట అక్కడే ఆగుతది. మళ్లీ ‘మేము అన్న అభిమానులం’ అంటే చదివేటోడు బయటోడు. ‘మనం’ అంటే వాడూ లోపలికొస్తడు. థియేటర్ కాడ ముఖం తెల్వని పిలగాన్ని ‘మనోడే’ అన్నరంటే, చేరిపోయినట్టే. కాబట్టి పై లైన్‌లో ‘మనం’ పెట్టండి. ‘ఇట్లు’ కింద సంతకం కాబట్టి ‘అభిమానులు’ చాలు, ‘అభిమానులం’ వద్దు.

మరొకటి: వాట్సాప్‌లో పంపే మ్యాటర్ యూనికోడ్. షాపులో అను ఫాంట్ (యూనికోడ్ కాని డీటీపీ ఫాంట్) ఉంటే మార్చేటప్పుడు ఒత్తులు చెదురుతయి, లేదంటే మళ్లీ టైప్ చేస్తరు. దీర్ఘం పడిపోయి ‘విరాభిమాని’ అయ్యేది అక్కడే. ప్రింట్‌కు ముందే ప్రూఫ్ తెప్పించుకొని ‘వీ’, ‘శుభాకాంక్షలు’లో ‘క్ష’ పెద్దగ చేసి చూడండి. కింది వరుసలో గుండ్రటి ఫోటోల పేర్లు ఎవరివి వాళ్లతోనే చదివించండి. 10×6 అడుగుల ఫ్లెక్సీలో ఆ పేరు బెత్తెడు కూడా ఉండదు, కానీ పిలగాడు దోస్తులను తీసుకొచ్చి చూపించేది దాన్నే.