అప్‌డేట్: లీగ్ లిస్టులు చూసి ఏ డెక్ బలమైనదో చెప్పొచ్చా?

మొన్న నేను అడిగింది ఇదీ: మ్యాజిక్ ఆన్‌లైన్ (మ్యాజిక్ కార్డుల ఆటకు కంప్యూటర్ వెర్షన్) లీగ్‌లో 5-0 కొట్టిన, అంటే ఐదు మ్యాచ్‌లూ గెలిచిన డెక్‌ల (ఆటగాడు ఏర్చుకున్న కార్డుల కట్టల) లిస్టులన్నీ వేర్వేరుగా ఉంటున్నాయి, మరి ఏ డెక్ ఎక్కువ గెలుస్తోందో తెలిసేదెలా? జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

అవి కావాలనే అలా ఏరి పెడుతున్నవట. 2017లో ఆ ఆట తయారుచేసే కంపెనీ విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ రోజుకు 10 లిస్టులిచ్చే పద్ధతి మాని, ఒకదానితో ఒకటి పోలనివి 5 మాత్రమే ఇవ్వడం మొదలుపెట్టింది. అందరూ లెక్కలు కట్టి ఒకే డెక్ మీద పడితే ఆట తొందరగా బోర్ కొడుతుందని వాళ్ల భయం. సబబే అనుకోండి. కానీ ఓడినవాళ్ల లిస్టు ఒక్కటీ లేకుండా గెలుపు శాతం ఎక్కణ్ణించి వస్తుంది? ఆ డెక్‌తో వందమంది ఆడితే ఒకడు గెలిచాడా, ఇద్దరాడితే ఒకడు గెలిచాడా, అక్కడ రెండూ ఒకేలా కనిపిస్తాయి.

అందుకే ద్వారకా నగర్‌లో మా బ్యాచ్ ఆడేటప్పుడు ఒక నోట్‌బుక్ పెట్టాం: ఎవరిది ఏ డెక్, ముందు ఎవరు మొదలుపెట్టారు, ఎవరు గెలిచారు. ఓటములు కూడా రాయాల్సిందే. ఎర్ర డెక్ వాడు మాత్రం పెన్ను పట్టుకోవడానికే మొహమాటపడుతున్నాడు, వరసగా ఓడిపోతున్నాడు మరి. సైడ్‌బోర్డ్‌లోని (గేమ్‌ల మధ్య మార్చుకోడానికి పక్కన పెట్టుకునే) 15 కార్డులు రాయమంటే ఇంకా ఎవరూ ఒప్పుకోవట్లేదు.