అప్‌డేట్: ఫినాస్టరైడ్ 1 ఎంజీనా, 5 ఎంజీనా?

పోయినసారి అడిగింది ఇదీ: నడినెత్తి పలచబడుతోంది, ప్రోస్టేట్ గ్రంథి సమస్యకి ఇచ్చే 5 ఎంజీ ఫినాస్టరైడ్ మాత్ర వేసుకుంటే జుట్టు తొందరగా వస్తుందా అని. ఇందిరానగర్‌లో స్కిన్ డాక్టర్ని కలిశాక తేలింది: అక్కర్లేదు, రోజుకి 1 ఎంజీ చాలు. నెత్తి చర్మంలో డీహెచ్‌టీ (జుట్టు కుదుళ్లని సన్నబరిచే మగ హార్మోన్) 0.2 ఎంజీకే సుమారు 56 శాతం తగ్గుతుంది. 1 ఎంజీకి 64, 5 ఎంజీకి 69. మందు అయిదింతలు, లాభం అంతంతమాత్రం!

5 ఎంజీ బిళ్లని బ్లేడుతో కోసుకోమన్న సలహా కూడా వదిలేశాను. ముక్కలు సమానంగా రావు, పైపూత పోయి పొడి రాలుతుంది. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ పొడి ముట్టుకోకూడదు, కడుపులో మగబిడ్డకి ప్రమాదం.

దీంతోపాటు నెత్తికి రాసే మందు మినాక్సిడిల్ 5 శాతం, పూటకి 1 ఎంఎల్, రెండు పూటలా, తల బాగా ఆరాక. రాయాల్సింది వెంట్రుకలకి కాదు, చర్మానికి. మొదటి నెలన్నరలో జుట్టు ఇంకా ఊడొచ్చు. చాలామంది అక్కడే మానేస్తారు. ఆరు నెలలైనా ఆగితేగానీ తేడా తెలీదు. ఫినాస్టరైడ్ వాడుతుండగా లైంగిక కోరిక తగ్గినా, మనసు కుంగినా డాక్టరుకి వెంటనే చెప్పాలి. పీఎస్‌ఏ టెస్టుకి (ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష) వెళ్తే ఈ మాత్ర సంగతి దాచొద్దు, రీడింగు సగం దాకా తగ్గి కనిపిస్తుంది.

అన్నట్టు, జుట్టు ఊడటానికి బెంగళూరు బోరు నీళ్లే కారణమని తిట్టినవాళ్లకి: ఈ రకం బట్టతలకి కారణం అవి కావట. షవర్ ఫిల్టర్ డబ్బులు మిగిలాయి.